కూనకు ఫిట్సొస్తే... గడియారం చూడండి!

పొమేరియన్, పగ్, షిట్జు, చువావా... ఒళ్లో ఒదిగిపోయే బుజ్జి కూనలంటే ఇంటిల్లిపాదికీ ముద్దే. అలాంటి కూన ఉన్నట్టుండి పడిపోయి కాళ్లు కొట్టుకుంటుంటే? అది మెదడు జబ్బేనా? పెద్దాసుపత్రి దూరంగా ఉన్న ఊళ్లో ముందు చేయాల్సిందేమిటి?

అనకాపల్లి జిల్లా కె.కోటపాడులో ఓ ఇల్లు అనుకోండి. పిల్లలు పోరగా పోరగా విశాఖ నుంచి రెండు నెలల పొమేరియన్ కూనను తెచ్చారు. వచ్చి మూడ్రోజులే అయింది. తెల్లారి లేచి చూస్తే గోనెపట్టా మీద ఓ పక్కకి ఒరిగి పడుంది. కాళ్లు ఈత కొడుతున్నట్టు ఆడుతున్నాయి. నోట్లో నురగ. పిలిస్తే పలకదు. ‘ఫిట్సు’ అంటారొకరు. ‘గాలి సోకింది’ అంటారింకొకరు. ‘పిచ్చెక్కిందేమో, ముందు పిల్లల్ని లాగండి’ అని పక్కింటాయన కేక. ఎవరో పరుగున వెళ్లి తాళాలగుత్తి తెస్తారు, మరెవరో ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెడతారు.

తాళాలతో ఒరిగేదేమీ లేదు. ఉల్లిపాయ సంగతి అంతకన్నా అధ్వానం. పొరపాటున కడుపులోకి వెళితే కుక్కల ఎర్రరక్తకణాలను అది దెబ్బతీస్తుంది. నాలుక కరుచుకుంటుందని నోట్లో చెంచా, వేళ్లు పెట్టేవాళ్లూ ఉంటారు. ఆ సమయంలో కూనకు తెలివి ఉండదు. దవడ బిగిస్తే వేలు నలుగుతుంది. చేయాల్సింది చాలా తక్కువ. చుట్టూ ఉన్న కుర్చీలు, పీటలు జరపాలి. మెట్ల అంచున ఉంటే కింద పడకుండా చూడాలి. టీవీ కట్టేయాలి. ఒకరు గడియారం చూడాలి, మరొకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. అంతే!

బెల్లం సీమలో చక్కెర కరవు

అనకాపల్లి అనగానే గుర్తొచ్చేది బెల్లం. ఆ జిల్లాలో ఓ కూన ఒంట్లో చక్కెర లేక పడిపోవడం విడ్డూరమే కానీ, చిన్నజాతి కూనల్లో, అందులోనూ నాలుగు నెలల్లోపు వాటిలో, ఫిట్సొస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజు. పెద్ద కుక్కకైతే కాలేయంలో, కండల్లో కొంత నిల్వ ఉంటుంది. అరకిలో కూనకు ఎంతని ఉంటుంది? తల్లిని విడిచొచ్చిన బెంగ, బస్సు ప్రయాణం, కొత్త తిండి, చలి, కడుపులో నులిపురుగులు... వీటిలో ఏ రెండు తోడైనా రాత్రి తొమ్మిదింటికి పెట్టిన పాలన్నం తెల్లారేదాకా కాయదు. మొదట మందకొడిగా ఉంటుంది. తర్వాత తూలుతుంది, వణుకుతుంది. ఆపైన ఫిట్సు.

ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో డెసిలీటరుకు సుమారు 70 నుంచి 120 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. 60 కన్నా దిగితే తక్కువ కింద లెక్క. ఇంట్లో అమ్మమ్మకు షుగరు చూసే మిషను ఉంటే దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా పనికొస్తుంది. కాకపోతే మనుషుల మిషను కుక్కల్లో ఉన్నదానికన్నా కాస్త తక్కువ చూపిస్తుంటుంది, ఆ తేడా డాక్టరుకు తెలుసు.

కాళ్లు కొట్టుకోవడం ఆగగానే గ్లూకోజు పొడిని చిక్కగా కలిపి, లేదంటే తేనె, బెల్లం పాకం వేలితో తీసుకుని చిగుళ్లకు, పెదవి లోపలివైపు రాయాలి. గొంతులో మాత్రం పోయకూడదు. తెలివిలేని కూన మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ‘షుగర్‌ఫ్రీ’ సరుకుల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. కొద్ది నిమిషాల్లో తలెత్తి చూసిందంటే సగం గుట్టు తేలినట్టే. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సూదిమందు ద్వారా గ్లూకోజు అవసరం కావచ్చు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా ఓసారి లేచి, కొద్దికొద్దిగా తిండి పెట్టాలి. ఉత్త పాలన్నంతో పెంచడం మన ఊళ్లలో అలవాటు. కూనకది చాలదు. ఉడికించిన గుడ్డో, కోడిమాంసమో, కూనల మేతో పడాలి.

వేళకు తింటున్నా మళ్లీమళ్లీ పడిపోతుంటే, ముఖ్యంగా తిన్న గంటా రెండు గంటల్లో మత్తుగా గోడకేసి చూస్తూ నిలబడిపోతుంటే కాలేయాన్ని అనుమానించాలి. మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి జాతుల్లో కొన్ని కూనలకు పుట్టుకతోనే ఓ రక్తనాళం దారితప్పి ఉంటుంది. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుద్ధి కాకుండానే ఒంట్లో కలిసిపోతుంది. ఆ మలినాలు మెదడుకెక్కి ఫిట్సు తెప్పిస్తాయి. చూడ్డానికి మెదడు జబ్బు, మూలం కాలేయంలో!

నీళ్లు చూపిస్తే తేలదు

పక్కింటాయన కేకను మాత్రం కొట్టిపారేయకూడదు. వీధికుక్కలు తిరిగే ఊళ్లో, టీకా పడని కూనకు తూలు, చొంగ, మింగలేకపోవడం, కింది దవడ వేలాడటం, అరుపు గొంతు మారడం లాంటివి కనిపిస్తే రేబిస్‌ను లెక్కలోకి తీసుకోవాల్సిందే. రెండు మూడు నెలల కూనకు కూడా రావచ్చు. నీళ్ల గిన్నె పెట్టి ‘తాగింది కాబట్టి ఫర్వాలేదు’ అనుకోవడం ప్రమాదం. నీళ్లంటే హడలిపోవడం మనుషుల్లో కనిపించే లక్షణం, కుక్కలు నీళ్లలో మూతి పెడుతూనే ఉండొచ్చు.

అనుమానం ఉంటే కూనను విడిగా ఉంచి డాక్టరుకు చూపాలి. దాని పళ్లు తగిలినా, చొంగ గాయాల మీద పడినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. కూనకేమైందో తేలాక చూద్దాంలే అనుకోవద్దు. లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు లేదు. పాశ్చర్ తొలిసారి ఓ బాలుడికి ఈ టీకా వేసిన 1885 జులై 6కు గుర్తుగా ఏటా జూనోసిస్ దినం జరుపుతారు. ఆరోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. మూడు నెలలు నిండిన కూనకు అదే మొదటి మెట్టు.

డిస్టెంపర్ తీరు వేరు. ముందు కళ్లపుసి, ముక్కు కారడం, జ్వరం, విరేచనాలు. తగ్గిందనుకున్న వారాల తర్వాత ఏమీ తినకుండానే నమిలినట్టు దవడలాడించడం, ఒక కాలో తలో తాళం వేసినట్టు అదరడం మొదలవుతాయి. నిద్రలోనూ ఆ అదురు ఆగదు. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. బతికిన కూనకు ఆ అదురు జీవితాంతం మిగిలిపోవచ్చు. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి నాలుగు నెలలు నిండేదాకా విడతలుగా వేసే టీకాయే దీనికి అడ్డు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయినా కళ్లు తెరిచి నాలుగడుగులు వేయగానే అమ్మేసేవారికి కొదవలేదు. కొనేటప్పుడు టీకా కార్డు అడగడం నామోషీ కాదు.

తల పెద్దది, కళ్లు కిందికి

2003లో హచ్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ దేశం మొత్తానికీ ముద్దొచ్చింది. గుండ్రటి తల, చప్పిడి ముక్కు, పెద్ద కళ్లు... ఆ పసిముఖం కోసమే మనిషి ఈ జాతుల్ని తరతరాలుగా ఏరి పెంచాడు. ఆ ముద్దుకు కూన చెల్లించే ధరల్లో ఒకటి మెదడులో నీరు చేరడం. చువావా, పొమేరియన్, మాల్టీస్, పగ్ లాంటి చిన్నజాతుల్లో ఇది ఎక్కువ. మెదడులోని గదుల్లో తయారయ్యే ద్రవం సరిగా బయటికి పోక గదులు ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న మెదడు నలుగుతుంది. తల బుడగలా ఉండటం, కళ్లు కిందికీ పక్కకీ తిరిగి ఉండటం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, తలను గోడకు ఆనించి నొక్కడం, తోటి కూనలు నేర్చింది ఎంతకీ నేర్వకపోవడం... ఇవీ ఆనవాళ్లు.

నడినెత్తి మెత్తగా తగిలినంత మాత్రాన జబ్బని కాదు. చాలా చువావాలకు ఆ సందు పూడకుండానే ఉంటుంది, వాటికేమీ కాదు. ఆ సందు ఉంటే మరో మేలుంది. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండు లాంటి పరీక్షే అక్కడ పెట్టి లోపలి నీటిని చూడొచ్చు. మత్తు అక్కర్లేదు. ఎమ్మారైకైతే మత్తివ్వాల్సిందే. ఊపిరికి ఆయాసపడే పగ్‌కు ఆ మత్తు కూడా ఆచితూచి ఇవ్వాలి. నీటి ఒత్తిడి తగ్గించడానికి మందులున్నాయి, గొట్టం వేసి నీటిని పొట్టలోకి మళ్లించే ఆపరేషనూ ఉంది. అది కొద్దిచోట్లే చేస్తారు, ఖర్చూ ఎక్కువే.

మండల కేంద్రాల్లోని పశువుల ఆసుపత్రికి పనంతా ఆవులు, గేదెలు, మేకలతోనే. అలాగని అక్కడికి వెళ్లడం దండగ కాదు. గ్లూకోజు, నులిపురుగుల మందు, ఫిట్సు ఆపే సూది అక్కడే దొరకొచ్చు. రాష్ట్రంలో 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాల కోసం 1962కు ఫోన్ చేయొచ్చు. ఆపై పరీక్షలకు విశాఖలోని క్లినిక్కులు, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల ఉన్నాయి.

ఆసుపత్రిలో బల్లమీద కూన బుద్ధిగా తోకాడిస్తుంది. ఫిట్సు రమ్మంటే రాదు! అందుకే ఇంట్లో తీసిన వీడియో అంత విలువైనది. దాన్ని చూసి డాక్టరు ‘ఇది ఫిట్సే కాదు’ అనొచ్చు కూడా. చిన్నజాతుల్లో ముక్కులోకి గురగురా గాలి పీల్చే తుమ్ము లాంటిదొకటి ఉంటుంది, చూసేవాళ్లకు ప్రాణం పోతున్నట్టుంటుంది. మోకాలిచిప్ప జారి మూడు కాళ్లమీద గెంతే పొమేరియన్‌కు పక్షవాతమని ఏడ్చేవాళ్లుంటారు. నిద్రలో కలగని కాళ్లాడించే కూనలు సరేసరి, పిలిస్తే లేస్తాయి. నోటుపుస్తకంలో తేదీ, ఎన్ని నిమిషాలు, ఎప్పుడు తింది, తర్వాత ఎంతసేపు తికమకగా ఉంది రాసుకోవాలి. ఇంట్లో కొట్టిన బొద్దింకల మందు, పొలానికి తెచ్చిన పురుగుమందు, గోమార్లు పోవడానికి పూసిన గేదెల మందు... ఏదీ దాచకుండా చెప్పాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకేరోజు రెండుసార్లు వచ్చినా ఇక పుస్తకం, వీడియో పక్కనపెట్టి బండెక్కాల్సిందే.

ఏ కారణమూ దొరకని మూర్ఛ సాధారణంగా ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య మొదలవుతుంది. అంతకన్నా చిన్న కూన అయితే వేరే కారణం కోసం గట్టిగా వెతకాలి. మూర్ఛేనని తేలితే మనుషుల్లో 1912 నుంచి వాడుతున్న ఫినోబార్బిటోన్ కుక్కలకూ ప్రధానమైన మందు. పన్నెండు గంటలకోసారి, తప్పకుండా. తగ్గిందని ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు మరింత ఉద్ధృతంగా తిరగబెడతాయి. తాతగారి మాత్ర సగం విరిచి వేయడమూ కూడదు. మోతాదు కూన బరువును బట్టి, రక్తపరీక్షను బట్టి డాక్టరు కట్టాల్సిందే.

ఇన్ని చేసినా ‘ఇదీ’ అని తేలకపోవచ్చు. ఎమ్మారై దాకా వెళ్లే స్తోమత ప్రతి ఇంటికీ ఉండదు, వెళ్లకపోవడం పాపమూ కాదు. అప్పుడు చూడాల్సింది ఒక్కటే... నెలనెలకూ ముదురుతోందా, ఉన్నచోటే ఉందా? చిన్నమెదడు సరిగా ఎదగని కూన నడక నేర్చిన రోజు నుంచే తూలుతుంది. గిన్నె దగ్గర తల ఊగుతుంది. కానీ అది ముదరదు, నొప్పీ ఉండదు. నున్నటి టైల్స్ మీద పాత దుప్పట్లు, గోనెపట్టాలు పరిచి, మెట్లకు అడ్డం పెట్టి, గిన్నెను చిన్న పీట మీద ఎత్తుగా ఉంచితే ఏళ్లతరబడి హాయిగా బతుకుతుంది. రోజుకు రోజు దిగజారుతూ, మందులకు లొంగక, తిండి మానేసి మూలిగే కూన సంగతి వేరు. నొప్పిలేకుండా సాగనంపే సూది గురించి డాక్టరును అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆ మాట పిల్లలకు తెలియకుండా ‘ఊరికి పంపించాం’ అని బొంకితే వాళ్లు రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తారు. కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెబితే ఏడుస్తారు, నోటుపుస్తకంలో రాసినవన్నీ అడిగి తెలుసుకుంటారు.