అద్దాల మేడ... కరెంటు మోత

బయటికి తళతళలాడే అద్దాల మేడ. మరి లోపల? ఎండంతా గదుల్లోకే... దాన్ని తరమడానికి పొద్దస్తమానం ఏసీలు! ఒకసారి కట్టేశాక గోడలు మార్చలేరు. ఏళ్ల తరబడి బిల్లు కట్టాల్సిందే. అందుకే కేంద్రం 2007లో ఈసీబీసీ నిబంధనలు తెచ్చింది. 2017 సవరణ ప్రకారం 100 కిలోవాట్లు, ఆపైన లోడు ఉండే మాల్స్, ఆఫీసులు, ఆస్పత్రుల్లాంటివి కనీసం 25 శాతం కరెంటు ఆదా చూపాలి. నేరుగా నిబంధనల పట్టిక ప్రకారం కట్టేవాళ్లయితే బయటి గోడల్లో కిటికీల వాటా 40 శాతం దాటకూడదు. అయితే రాష్ట్రాలు నోటిఫై చేస్తేనే ఇదంతా తప్పనిసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పని 2014 జనవరిలోనే చేసింది.

ఏసీలు తగ్గిస్తే ఉక్కపోతేగా అంటారా? హైదరాబాద్‌లో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి. జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక, గాలిని ముందే చల్లబరిచే గోపురాలు, నడుమ లోగిలి... అచ్చం మన మండువా ఇంటి కిటుకే!