స్టెరెకైనస్ న్యూమయెరి

స్టెరెకైనస్ న్యూమయెరి అంటార్కిటికా ఖండం చుట్టూ ఉన్న సముద్రంలో నివసించే ఒక సీ అర్చిన్. గుండ్రని పెంకుపై ముళ్ళు గల ఈ జీవి ఇఖైనోడర్మేటా వర్గానికి చెందినది. దీనిని 1900లో మైస్నర్ వర్ణించాడు. ఇది నివసించే మెక్‌మర్డో సౌండ్‌లో నీటి ఉష్ణోగ్రత సుమారు -1.9 డిగ్రీల సెల్సియస్.

విస్తరణ పటాలు

ఈ జీవి కనిపించిన స్థలాలను వలలు, గజ ఈతగాళ్ళు, నీటి అడుగు కెమెరాల ద్వారా నమోదు చేస్తారు. ఆ స్థలాల లోతు, ఉష్ణోగ్రత, లవణీయత, మంచు ఆవరణలను బట్టి, ఇంకా పరిశీలించని చోట్ల దీని నివాసానికి అనువైన ప్రాంతాలను కంప్యూటర్ ద్వారా అంచనా వేస్తారు. అయితే పరిశీలనలు పరిశోధనా కేంద్రాల పరిసరాలలోనే ఎక్కువగా జరిగాయి. కనుక పటంలోని ఖాళీ స్థలం, జీవి అక్కడ లేదని కాక, అక్కడ ఎవరూ వెతకలేదని సూచించవచ్చు. సముద్రం వేడెక్కితే ఈ జీవి ఎక్కడ తగ్గుతుందో తెలుసుకొనుటకు ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.