పలనాటి బాటలో బుద్ధవనం

విహారయాత్ర అన్న మాట మన పల్లెలకు కొత్తది కావచ్చును గాని, విహారం కొత్తది కాదు. తిరునాళ్ళకు బండి కట్టుకొని పోవుట, దారిలో చింతచెట్టు నీడన ఎడ్లను విప్పి సద్దిమూటలు తెరచుట, పొద్దు వాలినాక మరల బయలుదేరుట పలనాటివారికి తరతరాల అలవాటు. మ్రొక్కు ఎంత ముఖ్యమో, మ్రొక్కుకు పోవు దారి కూడ అంత ముఖ్యముగా ఉండేది. నేడు బండ్ల స్థానమున కార్లు, బస్సులు వచ్చినవి. తిరునాళ్ళతోపాటు థీమ్ పార్కులు, రిసార్టులు వెలసినవి. రంగులరాట్నమూ, నీటి జారుడుబల్లలూ ఏ ఊరి పార్కులో చూచినా ఒక్కటే. కనుక అక్కడికి పోయినవారికి దారితో పని ఉండదు. ఎంత త్వరగా చేరితే అంత లాభమని తోచును.

కాని దారి చూడనివారికి అర్థము కాని పార్కు ఒకటి పలనాటి పొలిమేరలోనే ఉన్నది. అది నాగార్జునసాగరం వద్ద, కృష్ణకు ఎడమగట్టున, నల్లగొండ జిల్లాలో 274 ఎకరాలలో నిర్మితమైన బుద్ధవనం. 2022 మే 14న దీనిని ప్రారంభించారు. నరసరావుపేట నుంచి ఇది నూరు కిలోమీటర్లకు పైచిలుకు. వేగిరపడినవారు ఒక పూటలో పోయి రావచ్చును. నింపాదిగా రెండు దినములు వెచ్చించినవారికి రెండువేల ఏండ్ల చరిత్ర దారి పొడుగునా కనబడును.

పలనాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడగా నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. ఊరు దాటకముందే మూడు శిఖరముల కోటప్పకొండ దర్శనమిచ్చును. శివరాత్రికి ఊరూరి నుంచి ప్రభలు కదలి వచ్చేది ఈ త్రికూటేశ్వరుని సన్నిధికే. అక్కడి నుంచి పడమరగా సాగిన ప్రయాణికుడు పిడుగురాళ్ళ చేరునప్పటికి గాలిలో తెల్లని దుమ్ము, బాట ప్రక్కన సున్నపు బట్టీలు కనిపించును. విహారానికి బయలుదేరినవారు సామాన్యముగా ఇక్కడ అద్దాలు పైకెత్తుకొని పోవుదురు. ఉపాధ్యాయుడు వెంట ఉన్న పిల్లలు మాత్రము ఇక్కడ ఒక్క నిమిషము ఆగవలెను. ఏలయన ఈ యాత్రకంతకు మూలకందము ఆ సున్నపురాయే.

పలనాటి సున్నపురాయి సన్నని రేణువులు గలది, ఉలికి లొంగునది. శాతవాహనుల నాడు అమరావతి స్తూపానికి శిల్పులు ఎన్నుకొన్నది ఈ జాతి రాతినే. ఆ తరువాత మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల విజయపురిలో బుద్ధుని కథలు చెక్కినదీ దీనిమీదనే. అదే రాతిని బట్టీలో కాల్చినచో గోడకు పూసే సున్నము. ఒకే రాయి ఉలి చేతికి చిక్కితే శిల్పము, నిప్పు చేతికి చిక్కితే పిండి! ఇది చమత్కారము కాదు. చరిత్రలో నిజముగా జరిగిన సంగతి. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణమును నిర్మించునప్పుడు, దిబ్బలోని పాత రాళ్ళు కొత్త కట్టడాలకు పోయినవి. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచి, దాని విలువను లోకానికి తెలిపెను. అప్పటికే కొంత పోయినది. అటుపిమ్మటనూ కొన్ని శిలలు సున్నమునకు ఆహుతి అయినవి. మిగిలినవాటిలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకు, లండన్ నగరపు బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి.

పిడుగురాళ్ళ దాటిన వెనుక గురజాల, కారెంపూడి, మాచర్ల. ఈ మూడు పేర్లు వినగానే పన్నెండవ శతాబ్దపు పలనాటి యుద్ధము గుర్తుకు రాని తెలుగువాడుండడు. గురజాల నలగామునిది, నాగమ్మది. మాచర్ల మలిదేవునిది, బ్రహ్మనాయనిది. అన్ని కులాలవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూడు కథ ఈ నేలదే. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో వీరుల గుడి ఉన్నది. ఏటేటా కార్తిక మాసములో అక్కడ వీరుల ఉత్సవములు జరుగును. మాచర్లలో చెన్నకేశవుని ఆలయమున కాసేపు కూర్చుండినచో ప్రయాణపు బడలిక తీరును. పలనాటి ఎండ పేరుమోసినది. రెంటచింతల ఎండాకాలపు వార్తలలో తరచు వినబడు ఊరు. కనుక కార్తికము మొదలు మాఘము వరకు ఈ యాత్రకు అనువైన కాలము.

మాచర్ల దాటి సాగరము వైపు సాగగా ఎత్తిపోతల. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోనికి దూకి, కృష్ణను కలియబోవును. వానలు కురిసిన ఏట జలపాతపు హోరు దూరము నుంచే వినవచ్చును. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రము కూడ కలదు. పిల్లలకు ఆ పూట పాఠమేదీ అక్కరలేదు. నీటిని చూచుటే చాలును.

మరునాటి ఉదయము విజయపురి సౌత్. ఇక్కడి కథలో ఉపాధ్యాయులు గర్వింపదగిన ఘట్టమొకటి ఉన్నది. 1926లో ఈ లోయలో ప్రాచీన స్తంభమును గమనించి ప్రభుత్వానికి తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. ఆ కబురు మీదనే శాసన పరిశోధకులు వచ్చిరి. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వించెను. మహాచైత్యపు స్తంభములపై ప్రాకృత శాసనములు బయటపడినవి. దానము చేసినవారిలో ముఖ్యురాలు ఇక్ష్వాకు రాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ. సింహళ భిక్షువులకై కట్టిన విహారమూ ఇచ్చట ఉండెను.

1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున ఆదరాబాదరగా త్రవ్వకములు సాగినవి. ఎంచిన కట్టడాలను రాయి వెంట రాయిగా విప్పి, కొండపైన, అనుపులో తిరిగి నిలిపిరి. మెట్ల వరుసలు గల రంగస్థలి అట్లు నిలిచినదే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. నీరు పొలాలను పండించినది. లోయలోని పల్లెవారు ఇల్లు వాకిలి విడిచిపోయిరి. ఆనకట్టకు చేరువ మెట్ట గ్రామములు కొన్ని కాలువ మట్టమునకు ఎగువన ఉండి, ఆ నీటికి నోచుకొనలేదు. లాంచీలో నాగార్జునకొండకు పోవువారు తమ క్రింద ఒక రాజధాని ఉన్నదని తలచుకొనక తప్పదు.

ఇంత చూచిన వెనుక, ఆనకట్ట దిగువ వంతెన దాటి బుద్ధవనము ప్రవేశింపవలెను. బుద్ధుని జీవిత ఘట్టములు, జాతక కథల శిల్పములు, పలు దేశముల స్తూపములకు చిన్న నమూనాలు, ధ్యానవనము అక్కడ ఉన్నవి. నడుమ అమరావతి మహాస్తూపమునకు ప్రతిరూపము 21 మీటర్ల ఎత్తున లేచి నిలిచినది.

ప్రతిరూపమునకు ఇంత ప్రయాసమెందుకని అడుగువారున్నారు. నకలు చూచి అసలును మరచు ప్రమాదము ఉన్న మాట నిజమే. పార్కు ఒక్కటే చూచి వచ్చిన పిల్లవాడు అమరావతి చెక్కు చెదరక ఉన్నదనుకొనవచ్చును, లేదా బుద్ధుడు ఎక్కడో పరాయి చోటి నుంచి తెచ్చి నిలిపిన అలంకారమనుకొనవచ్చును. అయితే బట్టీలను, అనుపులో విప్పి కట్టిన రాళ్ళను చూచి వచ్చినవానికి ఆ గుమ్మటము వేరుగా కనిపించును. అంతటి నిర్మాణము ఈ నేలపై ఒకనాడు ఉండెననీ, దానిని కాలము కంటె మన అజ్ఞానమే ఎక్కువగా కూల్చినదనీ అతనికి బోధపడును. అసలు లేనిచోట నకలు చేయగల మేలు ఇంతే. అది తక్కువ మేలు కాదు.

అందుచేత బడిపిల్లలను తీసుకొనిపోవు పెద్దలు పార్కును తుదకు ఉంచుకొనుట మంచిది. లాంచీ వేళలు, మ్యూజియము సెలవులు ముందుగా విచారించుకొనవలెను. నీరు, వాతావరణము అనుకూలింపక లాంచీ ఆగు దినములు కలవు. ఆ దినమున అనుపులోని రంగస్థలి మెట్లపై పిల్లలను కూర్చుండబెట్టి, దిగువన ఒకరిచే పద్యము చదివించిన చాలును.

పలనాటి పొలాలలో, గుళ్ళ వెనుక, చెరువుగట్లపై వ్రాతగల రాళ్ళు నేటికీ అడపాదడపా కనబడుచున్నవి. వాటిలో ఏది శాసనమో, ఏది బట్టలుతుకు బండయో తేల్చవలసిన చూపు బడిలోనే అలవడవలెను. 1926లో అట్టి చూపు గల పంతులు ఒక్కడుండుట చేత ఒక నగరము నీటి పాలు కాకమునుపే మనకు తెలియవచ్చినది.