7. పోర్టబుల్ పర్సనల్ కంప్యూటర్లు: తొలి దశ, మార్కెట్ పోటీ

7.1 పరిచయం

తొలి పర్సనల్ కంప్యూటర్లు బల్ల మీద ఒకచోట ఉంచి వాడే యంత్రాలు. 1981 తర్వాత వాటిని మోసుకుపోయే వీలు సామాన్య వినియోగదారులకు కూడా కలిగింది. అయితే ఈ మార్కెట్‌కు బాట వేసిన కంపెనీ రెండున్నర ఏళ్ళలోనే దివాలా తీసింది. వెనుక వచ్చిన మరో కంపెనీ నిలదొక్కుకుంది. దీనికి కారణాలేమిటో ఈ భాగంలో పరిశీలిద్దాం. చదివేటప్పుడు ధర, తెర, సాఫ్ట్‌వేర్ అనే మూడు అంశాలను ప్రత్యేకంగా గమనించండి.

7.2 ఆస్‌బోర్న్ 1

ఆస్‌బోర్న్ 1 ను 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ ప్రదర్శనలో ప్రవేశపెట్టారు. కంపెనీ స్థాపకుడు ఆడమ్ ఆస్‌బోర్న్. ఆయన బాల్యం కొంతకాలం తమిళనాడులో గడిచింది. యంత్రాన్ని రూపొందించినవారు లీ ఫెల్సెన్‌స్టీన్.

దీని బరువు సుమారు 11 కిలోలు. మూత బిగిస్తే కుట్టుమిషన్ పెట్టెలా కనిపించేది. లోపల బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు ప్లగ్ ఉన్నచోటే పనిచేసేది. అందువల్ల ఆనాటి 'పోర్టబుల్' అనే మాటకు 'మోసుకుపోగలిగినది' అనే అర్థమే తీసుకోవాలి. నేటి ల్యాప్‌టాప్‌తో దీన్ని పోల్చకూడదు.

ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌క్యాల్క్, బేసిక్ వంటి సాఫ్ట్‌వేర్‌ను యంత్రంతోపాటే ఇచ్చేవారు. వీటిని విడిగా కొనాలంటే చాలా ఖర్చయ్యేది. కొనుగోలుదారులను ఆకర్షించినది ప్రధానంగా ఇదే. లోపమల్లా తెర. 5 అంగుళాల ఆ తెర మీద ఒక వరుసలో 52 అక్షరాలే కనిపించేవి. వరుసలో మిగతా భాగం చూడాలంటే తెరను పక్కకు జరుపుకోవలసి వచ్చేది.

7.3 కేప్రో పోటీ

1982లో కేప్రో 2 వచ్చింది. ఇదీ సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే పనిచేసేది. ధర దాదాపు అంతే, సాఫ్ట్‌వేర్ కూడా యంత్రంతోపాటే వచ్చేది. కాని తెర 9 అంగుళాలు, వరుసకు 80 అక్షరాలు. అంటే ఆస్‌బోర్న్ చూపిన బాటలోనే నడిచి, దాని లోపాన్ని సరిదిద్దింది.

1983 ఆరంభంలో ఆస్‌బోర్న్ తన తర్వాతి నమూనా 'ఎగ్జిక్యూటివ్' గురించి ప్రకటించింది. కొత్తది వస్తుందని తెలిశాక పాతదానికి గిరాకీ పడిపోయిందని చెబుతారు. ఇలాంటి పరిస్థితికి 'ఆస్‌బోర్న్ ప్రభావం' అనే పేరు స్థిరపడింది. అయితే పతనానికి ఇదొక్కటే కారణం కాదు. కేప్రో పోటీని, ఐబీఎం యంత్రాల వైపు మళ్ళుతున్న మార్కెట్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

7.4 కంపాక్ మార్గం

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ విడుదలైంది. దాని కోసం రాసే ప్రోగ్రాములు వేగంగా పెరిగాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి బయటికి వచ్చిన రాడ్ కానియన్, జిమ్ హారిస్, బిల్ ముర్టో 1982లో హ్యూస్టన్‌లో కంపాక్‌ను స్థాపించారు. ఐబీఎం పీసీ ప్రోగ్రాములను యథాతథంగా నడిపే పోర్టబుల్ యంత్రాన్ని తయారుచేయాలన్నది వారి లక్ష్యం.

ఇందుకు అడ్డంకి బయోస్. యంత్రం భాగాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య పనిచేసే ఈ ప్రోగ్రాంపై ఐబీఎంకు కాపీరైట్ ఉంది. కంపాక్ ఇంజనీర్లు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు బయోస్ ఏ పని చేస్తుందో పరిశీలించి వివరాలు రాసింది. అసలు కోడ్‌ను ఎన్నడూ చూడని రెండో జట్టు ఆ వివరాల ఆధారంగా కొత్త కోడ్ రాసింది. పని ఒకటే అయినా కోడ్ సొంతం కాబట్టి కాపీరైట్ ఉల్లంఘన కాలేదు.

కంపాక్ పోర్టబుల్ బరువు దాదాపు 13 కిలోలు, ధర సుమారు 3,000 డాలర్లు. ఆస్‌బోర్న్ కంటే బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. అయినా 1983లో, అంటే అమ్మకాల తొలి ఏడాదిలో, 53,000 యంత్రాలు అమ్ముడై 11.1 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. ఐబీఎం తన సొంత పోర్టబుల్‌ను 1984 ఫిబ్రవరిలో గాని తేలేదు.

7.5 సారాంశం

ఆస్‌బోర్న్ తక్కువ ధరతో మార్కెట్‌ను సృష్టించింది. కేప్రో మెరుగైన తెరతో దానిలో వాటా తీసుకుంది. కంపాక్ మాత్రం వినియోగదారుడి దగ్గర అప్పటికే ఉన్న ప్రోగ్రాములకు విలువ ఇచ్చింది. కొనేవారు యంత్రంతోపాటు దానిపై చేయగల పనిని కూడా కొంటారని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆస్‌బోర్న్ 1 ను నేటి అర్థంలో ల్యాప్‌టాప్ అని ఎందుకు అనలేము?
2. కంపాక్ రెండు జట్లను ఎందుకు ఏర్పాటు చేసింది?
3. ఎక్కువ ధర ఉన్నా కంపాక్ పోర్టబుల్ విజయం సాధించడానికి కారణాలు వివరించండి.