మైనము కరఁగి మూర్తియగు విద్య

ఆదిలాబాదు అడవిపల్లెలలో ఓజాల చేత నిలిచియున్న డోక్రా పోతపని

గోండుల యిండ్లలో పూజలందు దేవతామూర్తియు, జాతరలో మ్రోగు గంటయు, ఆటగాండ్ర కాళ్లకుఁ గట్టు గజ్జెయు, స్త్రీలు ధరించు కడియమును తరతరములుగా ఏ నగరపు అంగడినుండియుఁ దెచ్చినవి కావు. ఆ జనుల నడుమనే నివసించుచు, వారి వేల్పులను, వేడుకలను ఎఱిఁగి, వారి యవసరమునకుఁ దగినట్లు ఇత్తడిని పోతపోసి యిచ్చిన ఓజాల చేతిలోఁ బుట్టినవి. నేఁటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూరు మండలపు ఉషేగాఁవునందును, కేస్లాగూడవంటి మఱికొన్ని పల్లెలయందును కొలఁది కుటుంబములు ఈ వృత్తిని నిలుపుకొనియున్నవి.

కుటుంబములు కొలఁదియే యైనను, డోక్రా యనఁబడు ఈ మైనపుఁ బోత విద్య మాత్రము అతిప్రాచీనము. మొహెంజొదారో త్రవ్వకములలో 1926లో లభించి, నేఁడు ఢిల్లీ జాతీయ సంగ్రహాలయమున నున్న నర్తకి ప్రతిమ సుమారు 10.5 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే కలది. అయినను ఎడమచేతినిండ కంకణములు తొడిగి, కుడిచేతిని నడుమున నుంచి, తల యెత్తి నిలిచిన ఆ ఠీవి నాలుగువేల యేండ్లకుఁ బైబడి చెక్కుచెదరక యున్నదన్న, అది మైనపుఁ బోత మహిమయే. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసము మధూచ్ఛిష్ట విధానమను పేర వర్ణించినదియు, చోళుల కాలపు స్థపతులు నటరాజమూర్తులను పోసినదియు ఈ మార్గముననే. రాజాశ్రయమున గ్రంథస్థమైన ఆ శాస్త్రమునకు, అడవిలో తండ్రిచేతి పనిని చూచి కొడుకు నేర్చిన ఈ విద్యకును మూలసూత్ర మొక్కటియే.

మైనపుఁ బోగుల అల్లిక

తొలుత పుట్టమన్నును పేడతోను, ఊకతోను కలిపి మర్దించి, తలఁచిన రూపమునకు ఇంచుక చిన్నదిగా మట్టిబొమ్మను చేసి నీడలో నారఁబెట్టుదురు. పిదప తేనెమైనమును గుగ్గిలముతోఁ గరఁగించి, జంతికల గొట్టమున పిండిని ఒత్తినట్లు సన్నని రంధ్రములగుండ ఒత్తి పోగులు తీసి, ఆ పోగులను ఒకదాని ప్రక్క నొకటి సందులేకుండ మట్టిబొమ్మపై చుట్టుదురు. కనుబొమకు ఒక పోగు, పెదవికి ఒక పోగు, మెడలోని హారమునకు పేనిన రెండు పోగులు. డోక్రా బొమ్మను చేతఁబట్టి చూచువారికి ఒంటినిండ కనిపించు సన్నని గీతలు ఉలితో చెక్కినవి కావు. అవి ఆ మైనపుఁ బోగుల జాడలే.

ఆపై మెత్తని మట్టిని పలుచగాను, దానిమీఁద ముతకమట్టిని మందముగాను పూసి, లోహము దిగుటకు ఒక దారి విడిచి కొలిమిలో కాల్చుదురు. మైనము 60 డిగ్రీల సెంటీగ్రేడు దాఁటిన కొలఁదిసేపటికే కరఁగిపోవును. ఇత్తడి కరఁగుటకు 900 డిగ్రీలకు మించిన వేఁడి వలయును. మైనము విడిచిన శూన్యములోనికి ఆ ద్రవము ప్రవేశించి, వేలిముద్రవంటి సూక్ష్మరేఖను సైతము గ్రహించును. మైనపు తూకమునకు ఇంచుమించు ఎనిమిది తొమ్మిది రెట్లు ఇత్తడి పట్టును గనుక, వాడిన మైనమును బట్టియే లోహమును అంచనా వేయవచ్చును. మట్టిలో తడి మిగిలినచో అచ్చు పగులును. లోహము నడుమ చల్లారినచో బొమ్మకు చేయియో, కాలో తక్కువగును. అప్పుడు దినముల శ్రమ యంతయు వ్యర్థము. సరిగా దిగినను, బొమ్మ వెలికి రావలెనన్న అచ్చును పగులఁగొట్టక తప్పదు.

నగరములందలి నగల కర్మాగారములు సైతము బంగారపు ఉంగరములను మైనపుఁ బోతతోనే చేయుచున్నవి. అయితే అచట రబ్బరు అచ్చునుండి ఒకే రూపపు మైనపు ప్రతులు కావలసినన్ని వచ్చును. ఓజా శిల్పికి అట్టి సౌలభ్యము లేదు. ప్రతి మైనపురూపమును అతఁడు చేతితో అల్లవలసినదే. ప్రతి అచ్చును ఒక్కమాఱు వాడి పగులఁగొట్టవలసినదే. కావున అతఁడు పోసిన వస్తువునకు లోకమున రెండవ ప్రతి యుండదు.

వెల కట్టు విధము

ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడఁగలదు. పొయ్యి మీఁదికి కుండ నెక్కించునది మాత్రము కొనుగోలుదారుఁడే. ఇత్తడి ధరయు, బొగ్గు ఖర్చును, చెడిపోయిన అచ్చుల నష్టమును శిల్పియే మోయుచుండఁగా, బొమ్మను తూకమున వేసి బేరమాడుట న్యాయము కాదు. రెండు బొమ్మలు సరిసమానముగా లేవని తప్పుపట్టుటయు తగదు. ఆ భేదమే చేతిపనికి ప్రమాణము. పెండ్లికో, గృహప్రవేశమునకో కానుక కొనఁదలఁచిన తెలుగువారు యంత్రపు బొమ్మకు బదులు ఉషేగాఁవు దీపమునో, కడియమునో అడిగి కొనుఁడు. గీతలను చూచి పోల్చుకొనుఁడు. అడిగిన వెల నిండు మనస్సుతో నిండు. ఆ కొలఁది యిండ్ల బిడ్డలు ఈ పనిని నేర్చుటయో, విడిచి కూలికి పోవుటయో తేల్చునది ఆ వెలయే.