కాడెద్దులు, ఆవు-దూడ, హస్తం: ఒకే పార్టీకి మూడు గుర్తులు

పల్లెటూరి ఓటరుకు పార్టీ పేరు కంటే గుర్తే దగ్గర. తాత కాడెద్దులకు ఓటు వేశాడు. తండ్రి ఆవు-దూడకు వేశాడు. కొడుకు చేతి గుర్తుకు వేశాడు. ముగ్గురూ వేసింది ఒకే కాంగ్రెసుకు. 1885లో బొంబాయిలో పుట్టిన ఈ పార్టీ స్వాతంత్ర్యం వచ్చాక ఇన్నిసార్లు గుర్తు ఎందుకు మార్చుకోవలసి వచ్చింది? మారినప్పుడల్లా ఓటరు ఏం చేశాడు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే పార్టీ చరిత్ర చాలా వరకు చెప్పుకున్నట్టే.

పెట్టె మీద బొమ్మ

1951-52లో దేశంలో తొలిసారి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 1951 జనాభా లెక్కల ప్రకారం చదవను, రాయను వచ్చినవారు నూటికి 18 మందే. అభ్యర్థి పేరు చదివి ఓటు వేయమంటే ఊళ్లో అత్యధికులు ఓటు వేయలేరు. అందుకని ఎన్నికల సంఘం బొమ్మల ఉపాయం ఆలోచించింది. పోలింగు గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అతికించి ఉండేది. ఓటరు మరుగులోకి వెళ్లి, తనకు నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. ఒకే కాగితం మీద అన్ని గుర్తులూ అచ్చువేసి, ముద్ర వేయమనే పద్ధతి 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి వచ్చింది.

కాంగ్రెసుకు దక్కినవి కాడి కట్టిన జోడెద్దులు. సేద్యం చేసుకు బతికే దేశంలో అంతకంటే మంచి గుర్తు దొరకదు. కమ్యూనిస్టులకు దక్కిన కంకి-కొడవలి కూడా పొలం సరుకే.

అయితే ఎద్దుల బొమ్మ ఉన్నంత మాత్రాన గెలుపు చేతికి రాలేదు. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 43 మాత్రమే. కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. మన అనంతపురంలో ఆ పోటీ ఇంటి పోటీ కూడా అయింది. కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఆయన బావమరిది, కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. బొమ్మ చూసి ఓటు వేసే వారికి మంచిచెడ్డలు తెలియవనుకున్న వారికి మొదటి ఎన్నికల్లోనే జవాబు దొరికింది.

ఎద్దులు ఎవరివి?

ఆ సంజీవరెడ్డి తర్వాత ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు, కాంగ్రెసు అధ్యక్షులయ్యారు, లోక్‌సభ స్పీకరయ్యారు. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అధికార అభ్యర్థిగా నిలిచారు. అక్కడే పార్టీ రెండుగా చీలింది. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. స్వతంత్రంగా నిలిచిన వి.వి.గిరి ఆగస్టులో గెలిచారు. నవంబరులో పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ఇందిరాగాంధీని పార్టీ నుంచి బహిష్కరించారు. ఇకపై కాంగ్రెసులు రెండు. కాడెద్దులు మాత్రం ఒకే జత.

అన్నదమ్ములు వేరుపడితే చెరొక ఎద్దు తోలుకుపోవచ్చు. ఎన్నికల గుర్తుకు ఆ వీలు లేదు. బొమ్మలో చెరి సగం ఇస్తే ఓటరు తికమకపడతాడు. చీలిన పార్టీలో గుర్తు ఎవరికి చెందాలో తేల్చే అధికారం 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ప్రకారం ఎన్నికల సంఘానిది. పార్లమెంటు, శాసనసభల సభ్యుల్లో, పార్టీ కమిటీల్లో ఎక్కువమంది ఎటువైపు ఉన్నారో లెక్క చూసి, 1971 జనవరిలో సంఘం ఇందిరాగాంధీ వర్గమే అసలు కాంగ్రెసని తేల్చింది. రెండో వర్గం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎన్నికలు ముంచుకొచ్చాయి. వ్యాజ్యం తెగకపోవడంతో ఎద్దులు ఇద్దరికీ దక్కలేదు. ఇందిరాగాంధీ వర్గానికి ఆవు-దూడ, పాత కాంగ్రెసు వర్గానికి రాట్నం ఇచ్చారు.

రాట్నం గాంధీగారి గుర్తు. స్వాతంత్ర్య పోరాటం గుర్తు. పెద్ద తలకాయలు చాలావరకు రాట్నం వైపే ఉన్నాయి. అయినా 1971 మార్చిలో ఆవు-దూడ 352 లోక్‌సభ స్థానాలు గెలిచింది. గరీబీ హటావో అన్న మాట జనానికి పట్టింది. ఆ నవంబరులో సుప్రీంకోర్టు సంఘం తీర్పునే ఖాయం చేసింది. అయినా పార్టీ ఆవు-దూడతోనే సాగింది. కాడెద్దులు మళ్లీ కాడికి రాలేదు.

ఏనుగా? సైకిలా? చెయ్యా?

1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. ఆవు ఇందిర, దూడ సంజయ్ అంటూ ప్రతిపక్షాలు ఎగతాళి చేశాయి. 1977 ఎన్నికల్లో ఉత్తరాది ఆవు-దూడను తరిమేసింది. దేశమంతటా కాంగ్రెసుకు 154 స్థానాలే మిగిలాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 ఇచ్చింది. పోయిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచింది జనతా తరఫున నిలిచిన సంజీవరెడ్డే. ఆ ఏడాదే ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఓటమి తర్వాత మళ్లీ చీలిక. 1978 జనవరిలో ఇందిరాగాంధీ కాంగ్రెసు (ఐ) పెట్టారు. ఆవు-దూడ కూడా చేజారింది. కొత్త గుర్తుగా ఏనుగు, సైకిలు, చెయ్యి ఈ మూడింట్లో ఒకటి కోరుకోమన్నారట. అప్పుడామె విజయవాడలో ఉన్నారని, ఢిల్లీ నుంచి బూటాసింగ్ ఫోనులో చేయి అనే అర్థంలో "హాథ్" అంటే ఇటు ఏనుగు అనే అర్థంలో "హాథీ" అని వినిపించిందని చెబుతుంటారు. చివరకు పక్కనున్న పి.వి.నరసింహారావు ఫోను అందుకుని "పంజా" అని చెప్పాక గాని తికమక తీరలేదట.

ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు. గుర్తు చేతికొచ్చి వారాలే. రాష్ట్రంలో జలగం వెంగళరావు ప్రభుత్వం కాసు బ్రహ్మానందరెడ్డి కాంగ్రెసు వైపు ఉంది. అధికారం ఒకవైపు, ముక్కుపచ్చలారని గుర్తు ఒకవైపు. అయినా 294 స్థానాల్లో 175 చేతి గుర్తు గెలుచుకుంది. బ్రహ్మానందరెడ్డి కాంగ్రెసుకు 30 వచ్చాయి. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఈ చెయ్యే దేశమంతటా 353 స్థానాలు తెచ్చింది. ఇందిరాగాంధీ స్వయంగా మెదక్ నుంచి గెలిచారు.

వద్దన్న సైకిలే

ఎద్దులు పోయినా ఓటు పోలేదు, ఆవు పోయినా ఓటు పోలేదు. ఇక ఈ ఓటు మనదేనని నాయకులు అనుకుని ఉంటే తప్పు పట్టలేం. కాని 1978 నుంచి 1983 లోపల రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఈ మార్పులన్నీ ఢిల్లీలో నిర్ణయమయ్యాయి. ఇక్కడ ఓటు వేసినవారిని అడిగినవారు లేరు.

1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. 1983 జనవరిలో ఆ పార్టీ రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. కాంగ్రెసుకు 60 మిగిలాయి. తెలుగుదేశం గుర్తు సైకిలు. అయిదేళ్ల క్రితం కాంగ్రెసు కాదనుకున్న సైకిలే! ఈసారి చెయ్యి మారలేదు. పార్టీ పేరూ మారలేదు. మారినది ఓటరు మనసు.

ఆ తర్వాత అదే చెయ్యి 1989లో 181 స్థానాలు గెలిచింది. 1994లో 26కు పడిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాంగ్రెసుకు 2014లో, 2019లో, 2024లో ఒక్క స్థానం కూడా రాలేదు. అదే గుర్తు 2023 డిసెంబరులో తెలంగాణలో 119కి 64 గెలిచి ప్రభుత్వం ఏర్పరచింది. గుర్తు ఒక్కటే, భాష ఒక్కటే, ఫలితం మాత్రం రెండు దారులు.

తొలినాళ్లలో పెట్టె మీద ఉన్న బొమ్మ తర్వాత కాగితం మీదికి, అక్కడి నుంచి యంత్రం మీదికి చేరింది. ఇంటి ముందు రాసిన పేరులాంటిదే ఈ గుర్తు. ఇల్లు ఎవరిదో చెబుతుంది. తలుపు తీయాలో వద్దో చెప్పేది లోపలివాళ్లే. పార్టీ రెండుసార్లు గుర్తు మార్చినా పల్లె ఓటరు దారి తప్పలేదు. గుర్తు మారకపోయినా, వద్దనుకున్న రోజున దారి మార్చుకోవడమూ మానలేదు.