రెండో బీప్

బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ స్విచ్ వేయగానే రెండుసార్లు మోగుతుంది. మొదటి మోత బొంగురుగా ఉంటుంది. దాని వెంటే సన్నగా, పై స్థాయిలో రెండోది వినిపిస్తుంది. మొదటి మోతను ఏ ప్రోగ్రామూ మోగించదు. ధ్వని చిప్‌కు కరెంటు అందగానే అది తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. ప్రాసెసర్ లేచి, రోమ్ అనే చిప్‌లో రాసి ఉన్న ఆదేశాలు చదువుకుని, తొలుత చేసే పనుల్లో దాన్ని ఆపడం ఒకటి. మిగతావన్నీ సర్దుకున్నాక ‘నేను సిద్ధం’ అన్నట్టు తానే కొట్టే గంట రెండోది. మొదటి మోత ఎంతకీ ఆగడం లేదంటే, కరెంటు అందింది కానీ ప్రాసెసర్ పని మొదలుపెట్టలేదన్నమాట.

కోస్గిలో మోటార్ల వైండింగు, టీవీ రిపేర్లు చేసే దుకాణంలో బల్ల మీద పెట్టిన మా పెట్టె సరిగ్గా అలాగే మోగింది. హైదరాబాద్‌లో ఒక బడి స్టోర్ రూము ఖాళీ చేస్తున్నప్పుడు తుక్కులోకి పోబోయిన పెట్టె అది.

“ఏంది సార్, ఇది ఆగుతనే లేదు. ఖరాబైనట్టేనా?” అన్నాడు మెకానిక్.

ఖరాబు కాలేదు, తనకేమైందో చెబుతోంది. నేటి ఫోను చెడిపోతే నల్లటి అద్దమే మిగులుతుంది. నలభై ఏళ్ళ కిందటి ఈ యంత్రం మాత్రం చెడిపోయాక కూడా మాట్లాడుతుంది. దీని మీద నాకున్న గౌరవానికి సగం కారణం అదే.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేసింది. జనానికి కంప్యూటర్ నేర్పాలని తలపెట్టిన బీబీసీ, తన టీవీ పాఠాలకు తోడుగా ఒక యంత్రం కావాలని వెతికింది. 1981 డిసెంబర్‌లో మైక్రో బజారులోకి వచ్చింది. 12 వేలు అమ్ముడుపోతే చాలనుకున్నారు, 15 లక్షలు దాటాయి. మన దేశంలో 1984–85లో పాఠశాలల కంప్యూటర్ అక్షరాస్యత కోసం ‘క్లాస్’ పథకం మొదలైనప్పుడు తొలి విడతగా 250 బడులను ఎంచుకుని ఈ యంత్రాలనే ఇచ్చారు. మొహాలీలోని ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ ‘యూనికార్న్’ పేరుతో ఇక్కడే వీటిని బిగించింది కూడా. సర్కారు బడి పిల్లవాడు తొలిసారి కీబోర్డు మీద వేలు పెట్టిన యంత్రాల్లో ఇదొకటి. ఆ బడుల స్టోర్ రూముల్లో ఇలాంటివి ఇంకా ఉండే ఉంటాయి.

మా పెట్టెకు స్విచ్ వేయకముందే ఒక పని చేశాం. ఇది ముందు చెప్పడం అవసరం. పవర్ సప్లై డబ్బాలో, కరెంటు వచ్చే దారిలోనే, తేనెరంగు పెట్టెలాంటి కెపాసిటర్ ఒకటి ఉంటుంది. లోపల లోహపు పూత పూసిన కాగితం, పైన గట్టి ప్లాస్టిక్. ఏళ్ళు గడిచేకొద్దీ పై తొడుగు సన్నగా బీటలు వారుతుంది, బీటల గుండా తేమ లోపలికి చేరుతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక్కసారిగా కరెంటు పెడితే అది పగిలి, ఘాటైన తెల్లని పొగతో గది నిండిపోతుంది. అందుకే దాన్ని తీసేసి, 0.1 మైక్రోఫారడ్ విలువున్న, ఎక్స్-2 అని ముద్ర ఉన్న కొత్తది వేశాడు మెకానిక్. అదే డబ్బాలో 240 వోల్టుల కరెంటు డీసీగా మారి దాదాపు 340 వోల్టులుగా నిలుస్తుంది. ప్లగ్ పీకినా ఆ చార్జి కొంతసేపు పోదు. మోటార్ల పని చేసేవారికి ఆ భయం తెలుసు. తెలియనివారు ఆ డబ్బా మూత తీయకూడదు.

కొత్త కెపాసిటర్ పడ్డాక మల్టీమీటరు పెట్టి చూస్తే బోర్డుకు 5 వోల్టులు చక్కగా అందుతున్నాయి. అయినా మోత ఆగలేదు.

ఇక చూడాల్సింది ప్రాసెసర్. 6502 అనే ఈ చిప్‌కు 40 కాళ్ళు. 40వ కాలు రీసెట్. దాని దగ్గర వోల్టేజి సున్నాలో ఉన్నంతసేపూ ప్రాసెసర్ నిద్రలోనే ఉంటుంది, 5 వోల్టుల దరిదాపుకు వస్తే లేస్తుంది. కీబోర్డు మీది బ్రేక్ మీట నొక్కితే ఇక్కడ సున్నా కావాలి, వదిలితే మళ్ళీ పైకి రావాలి. మీటరు ముల్లు అలాగే కదిలింది. అంటే రీసెట్ బాగానే ఉంది.

లేచిన ప్రాసెసర్ చేసే మొదటి పని ఏమిటో తెలిస్తే తర్వాత ఎటు చూడాలో దానంతటదే తేలుతుంది. 6502 ఎప్పుడు లేచినా నేరుగా ఎఫ్ఎఫ్ఎఫ్‌సి, ఎఫ్ఎఫ్ఎఫ్‌డి అనే రెండు చిరునామాలకు వెళ్ళి, అక్కడున్న రెండు బైట్లు చదువుతుంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెబుతాయి. మైక్రోలో ఆ రెండు బైట్లూ ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్ చివర ఉంటాయి. ఆ 16 కిలోబైట్ల చిప్‌ను సాకెట్‌లో గుచ్చి పెట్టారు, బోర్డుకు అతకలేదు. సాకెట్ రేకుకూ చిప్ కాలికీ మధ్య తుప్పు పేరుకుంటే ప్రాసెసర్ చదివేదంతా చెత్తే. చెత్త చిరునామాకు వెళ్ళి అక్కడే తిరుగుతుంటుంది. ధ్వని చిప్‌ను ఆపమని చెప్పేవాళ్ళే ఉండరు.

సన్నటి స్క్రూడ్రైవరుతో చిప్‌ను రెండు పక్కల నుంచీ కొద్దికొద్దిగా లేపి బయటికి తీశాం. వెండిలా మెరవాల్సిన కాళ్ళు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. చివరి కాలు మీదైతే నల్లటి పొర. మెకానిక్ ఇంక్ రబ్బరు ముక్క కోసి ఒక్కో కాలును రుద్దాడు. సాకెట్ కంతల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, ఆరనిచ్చి, చిప్‌ను మళ్ళీ నొక్కి కూర్చోబెట్టాడు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం తేమ ఏళ్ళ తరబడి చేసిన పని రబ్బరు ముక్కతో పోయింది. రిపేరు అనగానే చిప్పులు మార్చడం అనుకుంటాం. ఇలాంటి పెట్టెల్లో ముందు అనుమానించాల్సింది సాకెట్లనే అని నా నమ్మకం.

స్విచ్ వేశాం. బొంగురు మోత, ఆ వెంటనే సన్న గంట! పాత టీవీ తెర మీద ‘బీబీసీ కంప్యూటర్ 32కె’ అని వచ్చింది. దాని కింద ‘లాంగ్వేజ్?’ అని ఒక ప్రశ్న. బేసిక్ భాష ఉన్న రెండో రోమ్ కనిపించడం లేదని ఆ ప్రశ్నకు అర్థం. దాని కాళ్ళనూ అలాగే రుద్ది పెడితే, ఇక టైపు చేయమనే ప్రాంప్ట్ వచ్చింది. ఇది పూర్తిగా బాగుపడినట్టు కాదు. 32 కిలోబైట్ల మెమరీ 16 చిప్పుల్లో ఉంది, వాటిలో ఏదైనా వేడెక్కాక మొరాయించవచ్చు. తెరను నడిపే చిప్ కూడా బాగా వేడెక్కే రకమే.

ఈ యంత్రం మొట్టమొదటి నమూనా కూడా మొదట బూట్ కాలేదు. 1981లో బీబీసీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్, వాళ్ళ బృందం వారం రోజుల్లోపే నమూనా బోర్డు తయారుచేశారు. రాత్రంతా కుస్తీ పట్టినా శుక్రవారం ఉదయానికి అది కదల్లేదు. పరీక్ష కోసం దాన్ని మరో యంత్రానికి తీగతో కలిపి ఉంచారు. ఆ తీగ తీసేసి చూడండని కంపెనీ పెద్ద హెర్మన్ హౌసర్ అన్నాడు. తీశారు, పని చేసింది! అదే ఫర్బర్, విల్సన్ తర్వాత ఏఆర్‌ఎం ప్రాసెసర్‌కు రూపమిచ్చారు. 1985 ఏప్రిల్ 26న వచ్చిన తొలి ఏఆర్‌ఎం చిప్‌ను పరీక్షించింది బీబీసీ మైక్రోకు తగిలించే. నేడు కోస్గి బస్టాండులో ఎవరి చేతిలో ఫోను చూసినా, అందులో నడిచేది ఆ వంశపు ప్రాసెసరే.

మీ ఊరి బడిలోనో, కాలేజీ ల్యాబ్ మూలనో లేత గోధుమరంగు పెట్టె మీద ఎర్రటి మీటల వరుస కనిపిస్తే తుక్కు కింద తూకానికి వేయకండి. సరదాకైనా ప్లగ్ పెట్టకండి. ముందు ఊళ్ళోని టీవీ మెకానిక్‌తో ఆ తేనెరంగు కెపాసిటర్ మార్పించండి, తర్వాత సాకెట్లు శుభ్రం చేయించండి. ఆ పనులు అయ్యాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి స్విచ్ వేయండి.